చర్మం దాటిన జబ్బు

దసరా సెలవులయ్యాక మొదటి రోజు పొద్దున సీతారామాంజనేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. చిట్టెలుకల రక్తపు స్లైడ్లకు రంగు వెయ్యాలి, మైక్రోస్కోపులో చూడాలి, నాలుగు ఫొటోలు తియ్యాలి, పొద్దు వాలకముందే దువ్వాడలో ఇంటికి చేరి శ్రీవల్లిని బీచికి తీసుకెళ్లాలి. బీచికి తీసుకెళ్తానని అతను భార్యకు మాటిచ్చి చాలాకాలమైంది. సముద్రం ఎక్కడికీ పోదు కదా అని విశాఖలో ఉన్నవాళ్లందరిలాగే అతనూ వాయిదా వేస్తూ వచ్చాడు.

మద్దిలపాలెం అవతల ఉన్న ఒక పశువ్యాధుల పరిశోధన సంస్థలో అతను అసిస్టెంట్ ప్రొఫెసరు. దోమకన్నా చిన్నదైన ఇసుక ఈగ అని ఒకటుంది. అది కుడితే కొన్ని ప్రాంతాల్లో చర్మం మీద పుండు లేస్తుంది, నెలల తరబడి మానదు. దాన్ని చర్మపు లీష్మానియా అంటారు. ఆ జబ్బు ఎక్కించిన జంతువుల చర్మంలో ఏం మారుతుంది, రక్తంలో ఏం మారుతుంది అన్నది అతని పరిశోధన. చర్మం సంగతి బాగానే తేలింది. పుండు అంచుని పలచగా కోసి చూస్తే, చెత్తని మింగే పెద్ద కణాల కడుపులో పరాన్నజీవులు దానిమ్మ గింజల్లా కిక్కిరిసి కనిపించాయి. రక్తమే అతన్ని నిరాశపరిచింది. కాస్త రక్తహీనత, తెల్లకణాల్లో కాస్త హెచ్చుతగ్గులు, అంతే. ఈ జబ్బు చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుందే గాని రక్తంలో కనబడటం బహు అరుదని పుస్తకాలన్నీ చెబుతాయి. పుస్తకాల్లో ఉన్నదే మళ్లీ చెబితే ప్రమోషను ఎవరిస్తారు? వచ్చే వారం సెమినారు. అందులో చెప్పడానికి అతని దగ్గర కొత్త మాట ఒక్కటీ లేదు.

ల్యాబు ఇంకా పండగ ముఖంతోనే ఉంది. సెలవులకి ముందు అందరూ కలిసి ఆయుధపూజ చేశారు. స్టీలు ప్లాంటులో మిషన్లకి, వీధిలో ఆటోలకి బొట్లు పెడుతుంటే సైన్సు వాళ్లు మాత్రం ఊరుకుంటారా? మైక్రోస్కోపు మెడలో వాడిపోయిన బంతిపూల దండ, రక్తాన్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజు నుదుట కుంకుమ, ఫ్రిజ్ తలుపు మీద పసుపుతో ఓంకారం. ఎలకల బోనులకి కూడా తలా ఒక చుక్క పడింది.

రక్తపు స్లైడ్లకు వేసే రంగుని ముందు కాగితంలో వడకట్టాలి. సీతారామాంజనేయులు పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఈ మాట గట్టిగా చెబుతాడు. ఆ రోజు బీచి ఉంది కాబట్టి వడకట్టలేదు.

జబ్బు ఎలకల స్లైడుని మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన మనిషి అలాగే ఉండిపోయాడు. ఎర్రకణాల మధ్యనా, తెల్లకణాల మీదా, ఊదా ఎరుపు చుక్కలు. ఒకటా రెండా! ఎక్కడ చూసినా చుక్కలే. చర్మంలో ఉండాల్సిన పరాన్నజీవులు రక్తంలోకి దిగిపోయాయి!

పక్క బల్ల మీద పనిచేసుకుంటున్న రీసెర్చి స్కాలరు సత్యశ్రీని పిలిచి చూపించాడు. ఆ అమ్మాయి చాలాసేపు చూసింది.

"ఏటి సార్ ఇవి? పోర్టు దుమ్మేమో?"

విశాఖలో ఏ వస్తువు మీద ఏ మరక కనిపించినా మొదటి అనుమానం పోర్టు మీదికే పోతుంది. ఆరేసిన చీర నల్లబడినా, దగ్గొచ్చినా, కూర మాడినా పోర్టే. సీతారామాంజనేయులు జాలిగా నవ్వాడు.

"దుమ్ము కాదమ్మా. చరిత్ర."

అతను ప్రతి ఏడూ మొదటి క్లాసులో బోర్డు మీద ఒక వాక్యం పెద్ద అక్షరాలతో రాస్తాడు. 'స్లైడులో ఏదైనా కనిపిస్తే ముందు మురికేమో చూడు, తర్వాతే జబ్బు.' ఆ వాక్యం ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు. గుర్తొచ్చినా, అది పిల్లలకి చెప్పింది కదా అనుకునేవాడు.

విభాగాధిపతి అచ్యుతరామయ్య గారు పరుగున వచ్చారు. రిటైరయ్యేలోపు తన హయాంలో ఏదో ఒకటి జరగాలని ఆయన కోరిక. కంటికి ఆపరేషను అయిన దగ్గర్నుంచి ఆయనకి మైక్రోస్కోపులో ఏది చూసినా ఆనందంగానే ఉంటోంది.

"ఆహా!" అన్నారు. "చర్మం దాటిందయ్యా! మన ల్యాబులో దాటింది! డైరెక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

చేసేశారు. మాడుగుల హల్వా తెప్పించారు. మేడ మీద వాళ్లూ కింద వాళ్లూ వచ్చి హల్వా తిని, చెయ్యి తుడుచుకుని, సీతారామాంజనేయులు భుజం తట్టి వెళ్లారు. అతను గాలిలో తేలిపోతున్నాడు. చివరి ముక్క నోట్లో వేసుకుంటూ అచ్యుతరామయ్య గారు మాటవరసకి అడిగారు.

"జబ్బు ఎక్కించని ఎలకల రక్తం కూడా చూసే ఉంటావుగా?"

"ఇప్పుడే చూస్తానండి," అన్నాడు సీతారామాంజనేయులు.

చూశాడు. వాటిలోనూ అవే చుక్కలు. అంతే దండిగా.

ఇక్కడ ఎవరైనా ఆగి ఆలోచించాలి. ఆరోగ్యంగా గెంతుతున్న ఎలకలోనూ, పుండుతో మూలుగుతున్న ఎలకలోనూ ఒకేలా కనిపించేది జబ్బు కాదేమో అనుకోవాలి. కానీ హల్వా అందరూ తినేశారు. డైరెక్టరుకి ఫోన్ వెళ్లిపోయింది. అందువల్ల సీతారామాంజనేయులి బుర్ర వెనక్కి తిరగడానికి ఒప్పుకోక, ముందుకే ఒక అడుగు వేసింది. మంచి ఎలకలకి కూడా జబ్బు అంటుకుంది! అంటే ఎలకల గదిలోకి ఇసుక ఈగ దూరింది! అంటే ఎవరో తలుపు తీసి ఉంచారు!

ఎలకల గది చూసుకునేది సింహాద్రి. కంచరపాలెంలో రైలు గేటు దగ్గర ఉంటాడు. ఎలకల్ని పిల్లలంటాడు. వాటికి మేత వేసి, పొట్టు మార్చి, మాట్లాడి గాని తను టిఫిను తినడు. అచ్యుతరామయ్య గారి ఎదుట అతన్ని నిలబెట్టారు.

"తలుపు తీసి వదిలేశావా?" అడిగాడు సీతారామాంజనేయులు.

"నాను ఒగ్గీనేదు బాబూ. వల తలుపేసి, లోపలి తలుపేసి, అప్పుడే మేత ఎడతన్నాను."

"మరి ఈగ ఎలా వచ్చింది?"

"ఏ ఈగ బాబూ?"

"ఇసుక ఈగ."

"మీరు సూసినారేటి?"

"అంత తేలిగ్గా కంటికి కనిపించదది."

"కనిపించందాన్ని నానెలాగ ఆపుతాను బాబూ?"

జవాబు లేనప్పుడు చదువుకున్నవాళ్లు చేసే పనే సీతారామాంజనేయులూ చేశాడు, గొంతు పెంచాడు. బాధ్యత అన్నాడు, నిర్లక్ష్యం అన్నాడు, ప్రజాధనం అన్నాడు. విచారణ తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు అచ్యుతరామయ్య గారు. తేలాక ఉద్యోగం ఉండకపోవచ్చని కూడా అన్నారు. సింహాద్రి తువ్వాలు భుజాన వేసుకుని, టిఫిను క్యారేజీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"సాయంత్రం ఆటికి నీళ్లు మార్సాల బాబూ. మర్సిపోకండి."

ఆ మాట సీతారామాంజనేయులికి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నది ఏమిటా అని చూసుకునేలోపు మణికట్టు దగ్గర దురద మొదలైంది. చొక్కా చెయ్యి పైకి లాగి చూస్తే దోమకాటంత చిన్న ఎర్రటి దద్దురు.

వేలు పొడుచుకుని చుక్క రక్తం స్లైడు మీద రాసి, అదే రంగు వేసి, లెన్సు కింద పెట్టాడు. ఉన్నాయి. ఎలకల్లో ఎన్ని ఉన్నాయో తనలోనూ అన్నీ ఉన్నాయి.

అచ్యుతరామయ్య గారికి చెప్పాడు. ఆయన ముందు అయ్యో అన్నారు, తర్వాత కుర్చీ వెనక్కి జరిపారు, తర్వాత తన మోచెయ్యి చూసుకున్నారు. సాయంత్రానికి విభాగంలో గోక్కోని మనిషి లేడు. పొద్దున సీతారామాంజనేయులి భుజం తట్టినవాళ్లందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నారు.

ఇంటికి వెళ్లాక దాచలేక శ్రీవల్లికి చెప్పాడు. బీచికి కట్టుకున్న చీరలోనే ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"అంటుకుంటుందా అండీ?"

"మనిషి నుంచి మనిషికి రాదు. మధ్యలో ఈగ ఉండాలి."

"మనింట్లో ఈగలు లేవా?"

"ఆ ఈగ వేరు శ్రీవల్లీ."

"ఈగల్లో ఏ ఈగ ఏదో నేను మొహం చూసి పోల్చలేను. మీరు బాల్కనీలో ఉండండి."

తర్వాత ఆవిడ పోర్టులో పనిచేసే తమ్ముడు ఉమాశంకర్‌కి ఫోన్ చేసింది. అతను స్పీకర్లోనే ఓదార్చాడు. "ఏం భయపడకు బావా. పూర్వం షిప్పులో ఎవరికైనా జబ్బుంటే పసుపు జెండా ఎగరేసి ఒడ్డుకి రానిచ్చేవారు కాదట. తగ్గాకే లోపలికి. ఎంతమంది బతికి బట్టకట్టలేదూ!" శ్రీవల్లి ఈ సలహాలో తనకి కావలసింది తీసుకుంది. బాల్కనీ రెయిలింగుకి ఒక పసుపుపచ్చ తువ్వాలు కట్టి, వేరే కంచంలో అన్నం పెట్టి, చీపురుకర్రతో ఆ కంచాన్ని అతని వైపు నెట్టింది. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు ఆ తువ్వాలుని చూశారు. ఒకరిని చూసి ఒకరు కిటికీలు వేసుకున్నారు. సీతారామాంజనేయులు తల వంచుకుని చారన్నం తిన్నాడు. సింహాద్రి ఈ వేళప్పుడు ఇంట్లో ఏం చెప్పుకున్నాడో అని ఒకసారి అనిపించింది. వెంటనే, తలుపు సరిగ్గా వేసుకుని ఉంటే ఇదంతా ఎందుకొచ్చేది అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు విభాగంలో అందరి రక్తమూ తియ్యాలని నిర్ణయమైంది. సత్యశ్రీ ఒక ట్రేలో స్లైడ్లు వరసగా పేర్చి, అంచుల మీద పేర్లు రాసి, ఒక్కొక్కరి వేలూ పొడిచింది. ఎలకలతో అందరికన్నా ఎక్కువ మసిలేది సింహాద్రే గనక అతన్ని కూడా కంచరపాలెం నుంచి పిలిపించారు. వరస పూర్తయ్యాక స్లైడ్లన్నిటికీ ఒకేసారి అదే రంగు పడింది.

సీతారామాంజనేయులు ఒక్కొక్కటే చదువుతూ పోయాడు. అచ్యుతరామయ్య గారు, ఉన్నాయి. సత్యశ్రీ, ఉన్నాయి. క్లర్కు కుసుమకుమారి, ఉన్నాయి. వరండాలో బెంచీ మీద కూర్చున్న వాళ్లు పేరు వినబడ్డప్పుడల్లా ఒక నిట్టూర్పు విడిచారు. కుసుమకుమారి అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతం మొక్కేసుకుంది.

ఆఖరిది సింహాద్రి స్లైడు. దాన్ని చూస్తూనే సీతారామాంజనేయులు కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. స్లైడుని ఎటు జరిపినా చుక్కలే. చుక్కలు తప్ప మరేమీ లేవు. ఒక్క ఎర్రకణం లేదు, ఒక్క తెల్లకణం లేదు. ఇలాంటి రక్తం అతను పుస్తకాల్లో కూడా చూడలేదు. ఎంత కోపమున్నా మనిషి మనిషే కదా! కళ్లజోడు తీసి, కళ్లు ఒత్తుకుని, వరండాలోకి వచ్చాడు. సింహాద్రి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"సింహాద్రీ, గుండె దిటవు చేసుకో. అందరికన్నా నీదే బాగా ముదిరింది."

"ఏటి బాబూ?"

"కణాలన్నీ తినేశాయి. నీ రక్తంలో ఇక రక్తం లేదు."

సింహాద్రి స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి కూలబడ్డాడు. కుసుమకుమారి చీర చెంగుతో విసిరింది. అచ్యుతరామయ్య గారు నీళ్లు తెమ్మన్నారు. నీళ్లు తెచ్చేది రోజూ సింహాద్రే కాబట్టి ఎవరూ కదల్లేదు.

"తవిటమ్మకి నానేటి సెప్పాల?" అన్నాడు సింహాద్రి, పెళ్లాం పేరు చెప్పి ఏడుస్తూ. "ఉజ్జోగం పోనాదనే ఇంకా సెప్పనేదు. ఇప్పుడు రగతమే పోనాదని సెప్పాలా?"

ఏడుపు మధ్యలో అతను ఆగాడు. ముక్కు తుడుచుకున్నాడు. ఏదో లెక్క కుదరనట్టు సీతారామాంజనేయులి మొహంలోకి చూశాడు.

"బాబూ, ఒక్క మాట. నాను రగతం ఇయ్యనేదు గదా?"

"అదేమిటి?"

"సూదంటే నాకు సిన్నప్పటి నుంచీ బయం బాబూ. పాప ఏలు పట్టుకోగానే ఇడిపించుకుని పారిపోనాను. టీ కొట్టు కాడ నిలబడి ఇప్పుడే ఒత్తన్నాను."

అందరూ సత్యశ్రీ వైపు తిరిగారు. "అవును సార్. మళ్లీ వస్తాడేమోనని పేరు రాసిన స్లైడుని ట్రేలోనే ఉంచేశాను. మిగతావాటితోపాటు దానికీ రంగు పడిపోయినట్టుంది. అది... అది ఖాళీ గాజుముక్క సార్."

వట్టి గాజుముక్కకి జబ్బు చేసిందని, అదీ ముదిరిపోయిందని, పరామర్శ కూడా చేసిన మనిషిని అందరూ చూస్తున్నారు. నిలబడ్డచోటే నేల చీలి లోపలికి తీసుకుపోతే బాగుండునని సీతారామాంజనేయులికి అనిపించింది. ప్రభుత్వ భవనం గచ్చు అంత తేలిగ్గా చీలలేదు.

ల్యాబులోకి నడిచాడు. అందరూ వెనకే వచ్చారు. బల్ల మీద రంగు సీసా ఉంది. దాని మూత ఎప్పుడో పోతే మూతికి దూది కుక్కి వాడుతున్నారు. ఆ దూది మీద, గట్టిగా నొక్కి మరీ పెట్టిన కుంకుమ బొట్టు. సగం రాలి లోపలికి పోయింది, సగం ఇంకా ఎర్రగా నవ్వుతోంది. సీసాని కాస్త ఊపితే అడుగు నుంచి ఎర్రటి నలుసులు లేచి గిరగిరా తిరిగాయి. చరిత్రంతా ఆ అడుగునే ఉంది.

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. పూజ రోజున సింహాద్రి కుంకుమ పళ్లెం పట్టుకుని ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టుకుంటూ వస్తుంటే, తనే ఆపి, పళ్లెంలో ఉంగరపు వేలు ముంచి, "అసలు పనంతా దీనిదేనయ్యా" అంటూ ఆ సీసాకి బొట్టు పెట్టాడు. ఒకటి సరిపోదని రెండోసారి కూడా ముంచాడు. ఇంకెవరూ అటు చూడలేదు. కొబ్బరికాయ కొడుతున్నారు.

అచ్యుతరామయ్య గారు సీసాని, దూదిని, సింహాద్రిని వరసగా చూశారు. "బొట్లు పెట్టింది ఎవరు?"

సింహాద్రి చేతులు కట్టుకున్నాడు. "నానే బాబూ. పళ్లెం నా సేతిలోనే ఉంది. అన్నిటికీ నానే ఎట్టినాను. దీనికీ నానే ఎట్టుంటాను. తప్పైపోనాది."

"చూశావా!" అన్నారు అచ్యుతరామయ్య గారు, ఊపిరి పీల్చుకుని. డైరెక్టరుకి చెప్పుకోవడానికి ఆయనకి ఒక మనిషి దొరికాడు. "తిరిగి తిరిగి మళ్లీ వీడి దగ్గరికే వచ్చింది."

సీతారామాంజనేయులి ముందు ఒక తలుపు తెరుచుకుంది. నోరు తెరవకుండా ఉంటే చాలు. సెమినారు వాయిదా పడుతుంది, నలుగురూ మర్చిపోతారు, ప్రమోషను ఎప్పటికో అప్పటికి వస్తుంది. సింహాద్రి చెయ్యని తప్పుని తనదనుకుని, దాన్ని కూడా టిఫిను క్యారేజీలో సర్దుకుని ఇంటికి పోతాడు. నిజం చెప్పాలంటే సీతారామాంజనేయులు ఆ తలుపు ముందు కొంచెంసేపు నిలబడ్డాడు కూడా. ఆ తర్వాత జీవితంలో అతను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడింది ఖాళీ స్లైడు గురించి కాదు, ఆ కొంచెంసేపు గురించి.

"కాదండి," అన్నాడు. సీసాని తన వైపు లాక్కున్నాడు. మళ్లీ అన్నాడు. "కాదు సార్. దీనికి బొట్టు పెట్టింది నేను. రంగు వడకట్టకుండా వాడిందీ నేనే. మంచి ఎలకల్లో కనబడ్డప్పుడు ఆగాల్సింది, ఆగనిదీ నేనే. సింహాద్రి తలుపు వేసే ఉంచాడు. ఈగ రాలేదు. ఏమీ రాలేదు."

అచ్యుతరామయ్య గారు కుర్చీలో కూర్చుండిపోయారు.

సీతారామాంజనేయులు సింహాద్రి వైపు తిరిగాడు. తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు. "నిన్న నిన్ను నానా మాటలూ అన్నాను. నీ తప్పేమీ లేదని ఇప్పుడు తెలిసి కూడా కాసేపు నోరు మూసుకున్నాను. నన్ను క్షమించు సింహాద్రీ."

సింహాద్రికి ఇదంతా ఎక్కినట్టు లేదు. అతని బెంగ వేరే ఉంది.

"అయితే నాకు జబ్బు నేదా బాబూ?"

"లేదు."

"రగతం?"

"ఉంది. నీ దగ్గరే భద్రంగా ఉంది."

"రగతం ఇయ్యకుండానే వచ్చింది, మందు తినకుండానే పోనాది," అన్నాడు సింహాద్రి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "మంచి జబ్బే బాబూ." తర్వాత గాబరాగా లేచాడు. "నిన్న సాయంత్రం పిల్లలకి నీళ్లు మార్సినారా?"

ఎవరూ మార్చలేదు. అతను పరుగున ఎలకల గదికి వెళ్లాడు. వల తలుపు పడిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత లోపలి తలుపు పడిన చప్పుడు. నవ్వాలో వద్దో తెలియక అప్పటిదాకా బిగబట్టుకున్న వాళ్లందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. సీతారామాంజనేయులు నవ్వలేదు. అచ్యుతరామయ్య గారు డైరెక్టరుకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "లేదండి, చర్మం దగ్గరే ఆగిపోయిందండి," అని చెబుతున్నారు.

దువ్వాడలో పసుపు తువ్వాలు దించడానికి మాత్రం శ్రీవల్లి ఒక పట్టాన ఒప్పుకోలేదు. జరిగిందంతా పూసగుచ్చినట్టు విని, "అంత చదువూ చదివి కుంకుమని పోల్చలేకపోయారా?" అంది. ఈసారి అతను గొంతు పెంచలేదు. చొక్కా మార్చుకుని, స్కూటరు తాళం తీసుకుని, బీచికి పద అన్నాడు.

సెమినారులో అతను ఉన్నదే చెప్పాడు. చర్మంలో ఇన్ని మార్పులు, రక్తంలో ఇవే స్వల్ప మార్పులు, పుస్తకాలు చెప్పింది నిజమే. ఆఖర్న చుక్కలతో నిండిన ఒక ఫొటో చూపించి ఇది వట్టి గాజు అన్నాడు, ఎలా జరిగిందో కూడా చెప్పాడు. హాలంతా నవ్వింది. ప్రమోషను ఆ ఏడు రాలేదు. మొదటి క్లాసులో బోర్డు మీద ఆ వాక్యం రాయడం మానలేదు గాని, ఇప్పుడు కాస్త చిన్న అక్షరాలతో రాస్తున్నాడు.

మరుసటి దసరాకి విభాగంలో ఆయుధపూజ మామూలుగానే జరిగింది. రంగు సీసాని మాత్రం ముందురోజే ఇనప బీరువాలో పెట్టి, సీతారామాంజనేయులి ఎదుటే సింహాద్రి తాళం వేశాడు. బొట్టు తాళంకప్పకి పెట్టారు.